అరికాళ్ల మంటలు, తిమ్మిర్లకి ఎర్ర లైటు, ఎక్సర్‌సైజు కలిపి ఇంట్లో ఎలా చేసుకోవాలి

ఈమధ్య ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. "ఆ ఎర్ర లైటు తెప్పించాం, ఎంతసేపు పెట్టాలి? ఎక్సర్‌సైజుకి ముందా తర్వాతా? అసలు లైటు పెట్టుకుంటే చాలదేటి, మళ్లీ ఈ కాళ్లు ఆడించడాలెందుకు?" నేను శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేస్తాను, రోజుకి ఇద్దరు ముగ్గురికైనా ఇదే చెప్తుంటాను, కానీ నోటితో చెప్పింది ఇంటికెళ్లేసరికి సగం మర్చిపోతారు, అందుకే మొత్తం రాసేస్తున్నా. దగ్గర పెట్టుకుని చూస్తూ చేయండి.

ఇది ముఖ్యంగా షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతిన్నాయని డాక్టర్ ఇప్పటికే చెప్పినవాళ్ల కోసం. అంటే రాత్రిపూట అరికాళ్లు మంట, సూదుల్తో గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, దూది మీద నడుస్తున్నట్టు ఉండడం. ఇంకా డాక్టర్‌కి చూపించుకోకపోతే ముందు అది చేయండి, ఎందుకంటే ఇవే లక్షణాలు బీ12 తక్కువైనా వస్తాయి (మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి ఇది తగ్గిపోతుంటుంది), థైరాయిడ్ వల్లా వస్తాయి, మద్యం అలవాటు వల్లా వస్తాయి. బీ12 లోపానికి ఎన్ని లైట్లు పెట్టినా ఏం లాభం చెప్పండి.

లైటు ఏం చేస్తుందో రెండు ముక్కల్లో. ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చర్మం లోపలికి కొంత దిగి కణాల్లో శక్తి తయారయ్యే చోట పనిచేస్తుంది, రక్తం పారడం కాస్త పెరుగుతుంది, కొందరికి నొప్పి తగ్గుతుంది. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2008లో అమెరికాలో షుగర్ నరాల జబ్బు ఉన్న 69 మందిని తీసుకుని, కొందరికి నిజం ఇన్‌ఫ్రారెడ్ ప్యాడ్లు, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి ప్యాడ్లు ఇచ్చి, 90 రోజులు ఇంట్లోనే రోజుకి 40 నిమిషాలు పెట్టుకోమన్నారు. రెండు జట్లకీ తేడా రాలేదు. అదే 2012లో 17 మందితో పది వారాలు నడక లాంటివి, కండరాలకి బలమిచ్చే ఎక్సర్‌సైజులు చేయిస్తే నొప్పి తగ్గింది, చర్మం ముక్క తీసి చూస్తే సన్న నరాలు కొత్త కొమ్మలు వేసినట్టు కూడా కనపడింది. చిన్న పరిశోధనే, కాదనను. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేను చూసేదీ ఇదే, లైటు పెట్టాక ఒక అరగంట గంట కాలు తేలికపడుతుంది, ఆ తేలికలో కదిలినవాడు బాగుపడతాడు, ఆ తేలికలో పడుకుండిపోయినవాడు మళ్లీ రాత్రికి అదే మంటతో లేస్తాడు. అందుకని లైటు ముందు, వెంటనే ఎక్సర్‌సైజు. ఎప్పుడూ అదే వరస.

వీళ్లు మొదలుపెట్టొద్దు, ముందు ఆస్పత్రికి

పాదం మీద పుండు, పగులు, నీటిబుడ్డ ఉంటే వద్దు. ఒక్క పాదమే వాచి, ఎర్రగా వేడిగా ఉండి నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అసలు ఆ కాలు కింద మోపకండి, లోపల ఎముకలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. కొద్ది దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే అది రక్తనాళాల సంగతి, అక్కడ ఈ గైడు పనికిరాదు. నడుం నొప్పితోపాటు ఒంటికి రెంటికి పట్టు తప్పడం, కూర్చునే చోట మొద్దుబారడం ఉంటే అదే రోజు ఆస్పత్రికి పోవాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. తిమ్మిరి, నీరసం కాళ్ల నుంచి రెండు మూడు రోజుల్లోనే పైకి పాకుతున్నా అంతే.

ఇంకోటి, మనవాళ్లు సిగ్గుపడి దాచేది. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి ఆ మచ్చలో స్పర్శ లేకపోతే కుష్టు పరీక్ష చేయించుకోండి. మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది, ఆలస్యం చేస్తేనే నరాలు పోతాయి.

క్యాన్సర్ గడ్డ ఉన్నచోట లైటు పెట్టకూడదు. గర్భిణులు పొట్ట మీద, నడుం మీద పెట్టుకోకూడదు. ఎండ తగిలితే దద్దుర్లు వచ్చే జబ్బు గానీ అలాంటి మందులు గానీ ఉంటే డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

ఏమేం కావాలి

- ఎల్ఈడీ లైటు ప్యాడ్ గానీ ప్యానెల్ గానీ. దాని మీదో డబ్బా మీదో 630 నుంచి 660 నానోమీటర్లు (ఎరుపు), 810 నుంచి 850 నానోమీటర్లు (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్) అని రాసి ఉండాలి, చదరపు సెంటీమీటరుకి ఎన్ని మిల్లీవాట్లో కూడా ఉండాలి. అది లేకపోతే కొనకండి, ఎంతసేపు పెట్టాలో లెక్క కట్టలేరు.
- చక్రాలు లేని, చేతులున్న గట్టి కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకి ఆనించండి.
- చేతి అద్దం, పాత తువ్వాలు, ఫోన్‌లో టైమరు, ఒక నోటు పుస్తకం.
- మెత్తటి ఎంసీఆర్ (సన్న గాలి గదులున్న రబ్బరు) చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి.
- షుగర్ చూసుకునే మిషను. పక్కనే నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లో ఒక అరటిపండో.

ఇక్కడ ఒక మాట, దీని కోసమే నేను ఇదంతా రాయడం మొదలుపెట్టా. సర్జికల్ షాపుల్లో ఎర్ర బల్బు ఒకటి అమ్ముతారు, ఐఆర్ లైటు అంటారు, 150 వాట్లో ఎంతో ఉంటుంది. అది వేడి దీపం. మనం చెప్పుకునే ఎల్ఈడీ అది కాదు. మా పెద్దమ్మది సోంపేట దగ్గర పల్లె, ఇరవై ఏళ్ల షుగరు. ఫోన్లో నేనే చెప్పా, "లైటు పెట్టుకో పెద్దమ్మా, హాయిగా ఉంటాది" అని, ఏ లైటో చెప్పలేదు. వాళ్లబ్బాయి ఆ బల్బు కొనుక్కొచ్చాడు, ఈవిడ నులక మంచం మీద పడుకుని కాళ్ల దగ్గర పెట్టుకుని నిద్రపోయింది. తెల్లారి వదిన దుప్పటి తీస్తే ఒకచోట తడిగా ఉందట, ఏంటా అని చూస్తే చిటికెన వేలు పక్కన రూపాయి బిళ్లంత బుడ్డ చితికిపోయి ఉంది. ఆవిడకి తెలియనే లేదు, నొప్పే లేదు. మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ వేలు ఉంటుందో పోతుందో అని మేం పడ్డ బాధ మీరెవరూ పడకూడదు.

గుర్తుపట్టడం తేలిక. మూరెడు దూరంలో అరచెయ్యి పెట్టండి, నిమిషంలోనే సెగ తగిలితే అది వేడి దీపం, మొద్దుబారిన కాళ్లకి దగ్గరికి కూడా రానివ్వకండి. ఎల్ఈడీ అయితే చిన్న చిన్న చుక్కల్లాగా బోలెడు బల్బులుంటాయి, గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది. సగం చుక్కలు వెలగట్లేదని షాపువాడితో గొడవపడకండి, అవి ఇన్‌ఫ్రారెడ్వి అయ్యుండొచ్చు. ఫోన్ సెల్ఫీ కెమెరాలోంచి చూస్తే ఊదారంగులో మెరుస్తూ కనపడతాయి. ముందు టీవీ రిమోట్ నొక్కి చూడండి, ఫోన్లో దాని చుక్క కనపడితే మీ కెమెరా ఈ పరీక్షకి పనికొస్తుందన్నమాట.

మొదటిరోజు: లైటు పెట్టకముందే రాసుకోవాల్సినవి

ఇది చేయకుండా మొదలుపెడితే నెల తర్వాత "ఏమో, తగ్గినట్టే ఉంది" అంటారు తప్ప నిజం తెలియదు. నోటు పుస్తకంలో నాలుగు రాయండి.

రాత్రి మంట పదికి ఎంత, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. రెండోది, 30 సెకన్లలో చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలిగారు. మూడోది, కిటికీ ఊచ పక్కన నిలబడి, పట్టుకోకుండా ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు ఉండగలిగారు. పక్కన మనిషి ఉండాలి.

నాలుగోది స్పర్శ. మీరు కళ్లు మూసుకుని పడుకోండి, ఇంట్లోవాళ్లు రెండు పాదాలకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల మీద చూపుడువేలితో తేలిగ్గా ఒకటి రెండు సెకన్లు ఆనించాలి, నొక్కకూడదు, గీరకూడదు, వరసగా కాకుండా అటూ ఇటూ మార్చి. తగిలినప్పుడు "కుడి" "ఎడమ" అని చెప్పండి. ఆరింట్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే మీ కాళ్లకి రక్షణ స్పర్శ తగ్గినట్టే, ఇక మీరు ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిరగకూడదు. ఆస్పత్రిలో సన్న నైలాన్ దారంతో, అదురు తెలుస్తోందో చూసే శృతిదండంతో ఇదే ఇంకా పక్కాగా చూస్తారు.

రోజూ చేసే వరస

1. పాదాలు చూసుకోండి. అద్దం కింద పెట్టి అరికాలు, వేళ్ల సందులు. కళ్లు సరిగా ఆనకపోతే మనవడినో మనవరాలినో చూడమనండి. కొత్తగా ఎరుపు, బుడ్డ, గాయం ఏదున్నా ఈరోజు లైటూ లేదు ఎక్సర్‌సైజూ లేదు.

2. కాళ్లు కడిగి ఆరబెట్టుకోండి. మన ఆడవాళ్లు పాదాలకి పసుపు రాసుకుంటారు, పారాణి పెట్టుకుంటారు, కొందరు కొబ్బరినూనె, నొప్పి బామ్ రాస్తారు. ఆ పూత వెలుగుకి అడ్డు రావచ్చు, బామ్ మీద వెచ్చదనం తగిలితే చర్మం మండుతుంది. పసుపు రాసుకోవాలంటే అంతా అయ్యాక రాసుకోండమ్మా, ఎవరూ వద్దనరు. కడిగే నీళ్లు మామూలువే, వేణ్ణీళ్లు వద్దు.

3. షుగర్ చూసుకోండి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి 100 కంటే తక్కువుంటే ముందు ఏదైనా తిని పావుగంట ఆగి మొదలుపెట్టండి. 250 దాటి, ఒంట్లో నలతగా, వాంతి వచ్చేలా ఉంటే ఆరోజు వదిలేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి. పరగడుపున చేయడం మంచిదని ఎవరో చెప్తారు, ఈ మందులు వాడేవాళ్లకి అది మంచిది కాదు.

4. లైటు. ఎంతసేపన్నది లెక్క ఇది: మీ లైటు చదరపు సెంటీమీటరుకి ఎన్ని మిల్లీవాట్లో దాన్ని సెకన్లతో గుణించి 1000తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకి ఎంత వెలుగు శక్తి అందిందో జౌల్స్‌లో వస్తుంది. ఒక్కో చోటికి 4 నుంచి 6 జౌల్స్ చాలు. 20 మిల్లీవాట్ల లైటయితే 300 సెకన్లకి, అంటే 5 నిమిషాలకి 6 జౌల్స్. 50 మిల్లీవాట్లదయితే 2 నిమిషాలకే 6 అయిపోతుంది. మొదటివారం 4 దగ్గరే ఆగండి. మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మం వెలుగుని ఎక్కువ పీల్చుకుని త్వరగా వెచ్చబడుతుంది, కాబట్టి తెల్లవాళ్ల కోసం రాసిన టైములు చూసి పెట్టేయకండి.

   ఎక్కడెక్కడ: అరికాలు, పాదం పైభాగం, లోపలి చీలమండ ఎముక వెనక, మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే ఎముక బుడిపె వెనక, మోకాలి వెనక గుంట. నరం అక్కడక్కడే పైపైకి ఉంటుంది. మంట అరికాల్లో ఉంటే అరికాలికే పెడతారు అందరూ, పైనున్న ఈ మూడు చోట్లూ వదిలేస్తారు.

   ప్యాడ్‌ని చర్మానికి తాకేలా పెట్టండి కానీ గట్టిగా కట్టేయకండి. ప్యానెల్ అయితే డబ్బా మీద ఎంత దూరంలో ఆ మిల్లీవాట్లు వస్తాయని రాశారో అంత దూరమే, దూరం పెరిగితే లెక్క తప్పుతుంది. కళ్లలోకి చూడకండి. పెట్టుకుని పడుకోకండి, కూర్చునే పెట్టుకోండి, టైమరు మోగగానే తీసేయండి. మొదటిసారి పెట్టేముందు స్పర్శ బాగున్న మనిషి ముంజేతి మీద అంతే సేపు పెట్టి చూడండి, వాళ్లకి చురుక్కుమంటే ఆ మిషను మీకు వద్దు.

5. తీసిన పది నిమిషాల్లోపే ఎక్సర్‌సైజు మొదలవ్వాలి. కాఫీ తాగొచ్చి చేద్దాం, సీరియల్ అయిపోయాక చేద్దాం అంటే ఆ తేలిక కాస్తా పోతుంది.

   కుర్చీలో కూర్చుని పాదం ముందుకి వెనక్కి 20 సార్లు. తర్వాత నేల మీద తువ్వాలు పరిచి వేళ్లతో దగ్గరికి లాక్కోవడం, 10 సార్లు. అది సులువైపోతే పది చింతపిక్కలు పోసి కాలి వేళ్లతో ఒక్కొక్కటీ ఎత్తి గిన్నెలో వేయండి, ముసలివాళ్లు దీన్ని ఆటలాగ ఇష్టంగా చేస్తారు. పలాసవైపు వాళ్లకి ఒక హెచ్చరిక, ఇంట్లో ఉన్నాయి కదా అని పచ్చి జీడిపిక్కలు వాడకండి, వాటి తొక్కలోని జీడి చర్మాన్ని కాల్చేస్తుంది, మొద్దుబారిన వేలికి అది తెలియదు.

   తర్వాత నరాన్ని జరిపే ఎక్సర్‌సైజు. కుర్చీలో కాస్త వంగి కూర్చుని, మోకాలు చాపుతూ అదే సమయంలో తల పైకెత్తాలి, మోకాలు మడుస్తూ తల కిందకి దించాలి. నెమ్మదిగా 10 సార్లు, రెండో కాలికీ 10. ఇక్కడ అందరూ చేసే తప్పు లాగిపెట్టి ఉంచడం. నరం రబ్బరు కాదు, లాగితే ఒప్పుకోదు. జివ్వుమనే చోటుకి కొంచెం ముందే ఆగి వెనక్కి రావాలి.

   ఇక నిలబడేవి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 నుంచి 10 సార్లు. కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తి దించడం 10 సార్లు. అలాగే పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి 20 సెకన్లు నిలబడడం, తర్వాత ఒక్క వేలు ఆనించి, తర్వాత వదిలేసి. తడి గచ్చు మీద చేయకండి. నిలబడలేనివాళ్లు కూర్చునేవే రెండుసార్లు చేసుకోండి, తక్కువేం కాదు.

6. నడక. మొదటివారం 5 నిమిషాలు చాలు, అలవాటయ్యాక ఒక్కోసారి 10 నిమిషాలు, రోజుకి మూడుసార్లు. వారానికి అయిదు రోజులు ఇలా నడిస్తే 150 నిమిషాలవుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి చెప్పేది అదే. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీదో, మీ వీధిలోనో, ఎక్కడైనా సరే సమంగా ఉన్నచోట. అరికాల్లో స్పర్శ బాగా పోయినవాళ్లు నడక తగ్గించి సైకిలు పెడలు తొక్కడం లాంటిది పెట్టుకోవచ్చు.

   చెప్పులు లేకుండా మాత్రం అస్సలు వద్దు. "గడ్డి మీద ఒట్టికాళ్లతో నడిస్తే నరాలు బాగుపడతాయి" అని ఎవరు చెప్పినా వినకండి, ముల్లు దిగినా తెలియని కాలు మీది. గుడి దగ్గర కష్టమే, నాకు తెలుసు. అరసవల్లిలో మధ్యాహ్నం బండల మీద, పైడితల్లి సిరిమాను రోజు తారురోడ్డు మీద ఒట్టికాళ్లతో నిలబడి బుడ్డలతో వచ్చేవాళ్లుంటారు. తెల్లవారుజామునే వెళ్లండి, మందపాటి సాక్సులు వేసుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

7. అయ్యాక మళ్లీ అద్దంలో పాదాలు చూసుకుని పుస్తకంలో ఒక లైను రాయండి. లైటు తీసిన అరగంట తర్వాత కూడా చర్మం ఎర్రగా ఉంటే రేపు టైము సగానికి తగ్గించాలి. ఎక్సర్‌సైజు వల్ల వచ్చిన ఎరుపు ఒకేచోట ఉండిపోతే చెప్పు కొరుకుతోందన్నమాట.

లైటు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. కూర్చుని, నిలబడి చేసేవీ నడకా అయిదు రోజులు. లైటు లేని రోజు ఎక్సర్‌సైజు మానేసే అలవాటు చాలామందికి ఉంది, అక్కడే మొత్తం చెడుతుంది.

లైటు కొనలేకపోతే

కొనకండి. అప్పు చేసి అసలే వద్దు. 1, 3, 5, 6, 7 చేసుకుంటే చాలావరకు పని అయిపోతుంది. ఫిజియో సెంటర్లో లేజర్ పెట్టించుకోవచ్చు, అక్కడ మీకూ పెట్టేవాళ్లకీ కళ్లద్దాలు ఉండాలి, లేకపోతే అడగండి. ఎండ సరిపోదా అని కూడా అడుగుతారు, అరసవల్లిలో ఏటా మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కాబట్టి మనకి పాదాల మీద ఎండ అంటే ఒక నమ్మకం. పొద్దున్న లేత ఎండలో కూర్చోండి, మంచిదే. కానీ ఎండలో ఏ వెలుగు ఎంత పడిందో కొలవలేం, పొద్దెక్కితే కాలుతుంది, దాన్ని ఈ వైద్యం కింద లెక్కేసుకోకండి.

ఎక్కువగా చేసే తప్పులు

5 నిమిషాలకి బాగుంటే 40 నిమిషాలకి ఇంకా బాగుంటుందనుకోవడం. ఈ వెలుగు తక్కువైతే పనిచేయదు, మరీ ఎక్కువైనా పనిచేయడం మానేస్తుంది.

నరాల మంటకి డాక్టర్ ఇచ్చిన ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్ లాంటివి లైటు మొదలెట్టాం కదా అని ఒక్కసారిగా ఆపేయడం. అలా ఆపితే చెమటలు, నిద్ర పట్టకపోవడం, కంగారు వస్తాయి. తగ్గించాలంటే డాక్టరే మెల్లగా తగ్గించాలి.

దీనికంటే పెద్దది, మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కోవడం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నరాల మంటకి పెద్దగా పనిచేయవు, కిడ్నీలని మాత్రం దెబ్బతీస్తాయి. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, ఉద్దానం వైపు వాళ్లకి చేతులెత్తి చెప్తున్నా, అసలే మన దగ్గర కిడ్నీ జబ్బు ఇంటింటి బాధ, ఆ బిళ్లలు ముట్టుకోకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి కాళ్ల మంట దానివల్లా రావచ్చు, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ డోసు వాళ్లకి తగ్గించి ఇవ్వాలి, అందుకని ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు క్రియాటినిన్ (కిడ్నీల రక్త పరీక్ష) కాగితం చూపించండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభించారు, ఉద్దానం వాళ్లకి అది దగ్గర.

వేణ్ణీళ్ల సంచి, ఇటుక కాపడం, వేడి ఇసుక మూట, ఇవన్నీ ఆ ఎర్ర బల్బు లాంటివే.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నాలుగు వారాలకోసారి మొదటిరోజు చేసిన నాలుగు పరీక్షలూ మళ్లీ చేయండి, అదే కుర్చీ, అదే సమయం. ముందుగా మారేది సాధారణంగా కుర్చీ లెక్క, ఒంటికాలి లెక్క. తర్వాత రాత్రి మెలకువలు తగ్గుతాయి. మంట పదికి 7 నుంచి 5కి వచ్చినా మంచి ఫలితమే. స్పర్శ అన్నిటికంటే ఆలస్యం, కొందరికి అసలు రాదు, అది రాలేదని నిరుత్సాహపడి మానేయకండి, పడిపోకుండా నడవగలుగుతున్నారంటే అదీ లెక్కలోదే. మంట తగ్గింది కానీ స్పర్శ కూడా ఇంకా పోయింది అనుకోండి, అది బాగుపడడం కాదు, నరం ఇంకా దెబ్బతింటోందేమో, డాక్టర్‌కి చూపించాలి.

మూడు నెలల షుగర్ సరాసరి, అదే హెచ్‌బీఏ1సీ, అది కూడా అదే పుస్తకంలో రాయండి. అది 10 దగ్గర కూర్చుంటే నేను చెప్పినవన్నీ చేసినా కాళ్లు పెద్దగా మారవు.

12 వారాలు వరసగా చేశాక, రెండు వారాలు లైటు ఆపి ఎక్సర్‌సైజు మాత్రమే చేసి చూడండి. మంట అలాగే ఉంటే లైటు మీకు అక్కర్లేదు, దాన్ని పక్కన పెట్టేయండి. మళ్లీ పెరిగితే వారానికి రెండు మూడుసార్లు కొనసాగించండి. ఏదైనా సరే ఆ పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, పొద్దున్నుంచీ వందమందిని చూసే డాక్టర్‌కి మీ మూడు నెలల సంగతి అర నిమిషంలో తెలిసేది అందులోనే.